ఇంగ్లీషులో "బొనిఫేస్": పోప్ పేరా, పూటకూళ్లాయన పేరా?

ఉత్తరాలకట్ట

అందరికీ నమస్కారం. ఒక్క పేరు దగ్గర వారం రోజులుగా నా పని ఆగిపోయింది. తెలిసినవాళ్లు ఎవరైనా దారి చూపిస్తారని రాస్తున్నాను.

నేను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తాను. ఇప్పుడు చేతిలో ఉన్నవి ఒక ఇంగ్లీషాయన 1826, 1827ల్లో తన అక్కకు రాసుకున్న ఉత్తరాలు. పేరున్న మనిషి కాదు, ఒక వ్యాపారి దగ్గర గుమాస్తా. లండన్ నుంచి ఉత్తరానికి పోయే గ్రేట్ నార్త్ రోడ్ మీద గుర్రపు కోచ్‌లో వెళ్తూ, రాత్రి దిగిన ప్రతి చోటా ఒక ఉత్తరం రాశాడు. వాన ఎంత పడింది, పక్కన కూర్చున్నావిడ బుట్టలోంచి ఏం తీసి తిన్నది, పడుకున్న దుప్పటి తడిగా ఉందా పొడిగా ఉందా, ఏదీ వదలడు. చదువుతూ చదువుతూ ఆ మనిషి నాకు బాగా దగ్గరైపోయాడు. అందుకే ఆయన మాట ఒక్కటి కూడా తప్పు రాయకూడదని నా పట్టుదల.

స్టామ్‌ఫర్డ్‌లో దిగిన రాత్రి ఇలా రాశాడు: "అవర్ వర్దీ బొనిఫేస్ మెట్ అస్ ఎట్ ద డోర్, క్యాండిల్ ఇన్ హ్యాండ్." బస యజమాని పేరు బొనిఫేస్ కాబోలు అనుకుని, "మన బొనిఫేస్ గారు కొవ్వొత్తి పట్టుకుని గుమ్మంలోనే ఎదురొచ్చారు" అని రాసేసి ముందుకెళ్లాను. రెండు ఉత్తరాల తర్వాత గ్రాంథమ్ వచ్చింది. అక్కడా యజమాని బొనిఫేసే. అన్నదమ్ములేమో అనుకున్నాను. ఆ తర్వాత డాన్‌కాస్టర్. ఊరు మారింది, దొర మారాడు, పేరు మాత్రం అదే. పైగా ఈసారి "ద బొనిఫేస్ ఆఫ్ ద ప్లేస్" అని ఉంది, బి చిన్నక్షరం. మనిషి పేరుకు ముందు "ద" ఎందుకు వచ్చింది? అక్కడ నా కలం ఆగింది.

ఇంకో చిక్కు. మరుసటి ఏడాది ఆయన యజమాని పని మీద రోమ్ వెళ్లాడు. ల్యాటరన్ బసిలికాలో జాటో గీశాడని చెప్పే ఒక గోడచిత్రం ముక్క చూశానని, అందులో బొనిఫేస్ 1300 నాటి జూబిలీని ప్రకటిస్తున్నాడని రాశాడు. ఇక్కడ బొనిఫేస్ పక్కన రోమన్ అంకెల్లో ఎనిమిది ఉంది. అంటే పోప్.

రెండూ కలిపి చూసి, "మధ్యయుగంలో బొనిఫేస్ అనే పోప్ ఉండేవాడు, ఆయన పేరు మీదే ఇంగ్లీషులో బస యజమానులను అలా పిలిచారు" అని ఒక ఫుట్‌నోట్ రాసి పంపాను. ప్రచురణకర్త "దీనికి ఆధారం ఏమిటండీ?" అని ఒక్క ప్రశ్న వేశారు. నా దగ్గర ఆధారం లేదు. ఊహించి రాశాను, అలా రాయకూడదు.

కాబట్టి నా సందేహాలు ఇవి. బొనిఫేస్ అన్న పేరుకు అసలు అర్థం ఏమిటి? అది పోప్ నుంచి పూటకూళ్లాయన దాకా ఎలా వచ్చింది, నిజంగా అక్కడి నుంచే వచ్చిందా? తెలుగులో బోనిఫేస్ అనాలా, బొనిఫేస్ అనాలా? ఆ అంకెను ఎలా చదవాలి?

పాతపలక

ఉత్తరాలకట్ట గారూ, పేరు అర్థం వరకు నేను చెప్పగలను. మిగతాది వేరేవాళ్లు అందుకుంటారు.

లాటిన్‌లో ఇది "బోనిఫాటియుస్". బోనుమ్ అంటే మంచి, ఫాటుమ్ అంటే విధి. ఇంగ్లీషు ఫేట్ వచ్చింది ఈ ఫాటుమ్ నుంచే. కాబట్టి మొదటి అర్థం "మంచి రాత కలవాడు", అంటే అదృష్టవంతుడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలనిపిస్తుంది నాకు. మనం నుదుటి రాత అంటాం, తలరాత అంటాం. మనకు విధి అంటే రాసినది. లాటిన్‌వాళ్ల ఫాటుమ్‌కు అసలు అర్థం "పలికినది". పలకడం అనే క్రియ నుంచి పుట్టిన మాట అది. వాళ్లకు విధి ఎవరో నోటితో అనేసినది, మనకు ఎవరో చేత్తో రాసేసినది.

తర్వాత కాలంలో లాటిన్ ఉచ్చారణ మారింది. అచ్చుకు ముందు వచ్చే "టి", "సి" రెండూ దాదాపు ఒకేలా పలకడం మొదలైంది. లేఖకులు ఒకదాని బదులు ఇంకోటి రాసేవారు. అలా బోనిఫాటియుస్ కాస్తా "బోనిఫాకియుస్" అయింది. ఆ స్పెల్లింగ్ చూసినవాళ్లకు అందులో విధి కనపడదు, "ఫాకెరె", అంటే చేయడం, కనపడుతుంది. దాంతో పేరుకు "మంచి చేసేవాడు" అనే కొత్త అర్థం వచ్చింది. పేర్ల పుస్తకాల్లో ఒకచోట అదృష్టవంతుడనీ, ఇంకోచోట ఉపకారి అనీ చూసి కంగారు పడకండి. మొదటిది పుట్టుకతో వచ్చిన అర్థం, రెండోది స్పెల్లింగ్ మారాక అంటుకున్న అర్థం. మధ్యయుగంలో జనానికి తెలిసినది రెండోదే.

అదెంత బలంగా నాటుకుపోయిందో ఒక ఉదాహరణ చెప్తాను. ఏడో బొనిఫేస్ అని ఒకడున్నాడు, 974లో ఒకసారి, 984 నుంచి 985 దాకా ఇంకోసారి పోప్ పదవి పట్టుకున్నాడు. ఆరో బెనెడిక్ట్‌ను గొంతు నులిమి చంపించాడని, పద్నాలుగో జాన్‌ను ఖైదులో చంపాడని అతని మీద నింద. చర్చి ఇప్పుడు అతన్ని అసలు పోప్‌గా లెక్కపెట్టదు, యాంటీపోప్ అంటుంది. 991లో రైమ్స్ దగ్గర సెయింట్ బాల్‌లో జరిగిన సభలో ఓర్లియాన్ బిషప్ ఆర్నుల్ఫ్ అతని గురించి చెబుతూ బోనిఫాకియుస్ అనలేదు, "మాలిఫాకియుస్" అన్నాడు. మంచి చేసేవాడు కాదు, చెడు చేసేవాడు అని. పేరులో ఒక్క ముక్క మార్చాడు, అంతే. ఎదురుగా కూర్చున్న బిషప్పులందరికీ విడమర్చి చెప్పనక్కర్లేకుండానే అర్థమై ఉంటుంది. పేరులోని అర్థం జనం చెవుల్లో బతికి ఉంటేనే ఇలాంటి మాట పేలుతుంది.

ఇంగ్లీషుకు వచ్చేసరికి ఫ్రెంచి మీదుగా తోక అరిగి "బొనిఫేస్" మిగిలింది. ఇన్నొసెంటియుస్ ఇన్నొసెంట్ అయినట్టు, ఉర్బానుస్ అర్బన్ అయినట్టు. ఇన్నొసెంట్, క్లెమెంట్, అర్బన్ లాంటి పోప్‌ల పేర్లు ఇంగ్లీషువాడికి వింటూనే మామూలు మాటల్లా అర్థమైపోతాయి. బొనిఫేస్ అలా కాదు. ఇంగ్లీషువాడి చెవికి అది "బానీ ఫేస్", అందమైన ముఖం, లాగా వినపడుతుంది. అసలు పేరుకు ముఖంతో ఏ సంబంధమూ లేదు. ఫుట్‌నోట్‌లో పొరపాటున కూడా ముఖాన్ని తీసుకురాకండి.

గంటగోపురం

పేరు అర్థం మీద పాతపలక గారు చెప్పినదానికి నేను కలపగలిగింది లేదు. అయితే ఉత్తరాలకట్ట గారి ఊహ అంత కొట్టిపారేయాల్సినది కాదని నా అభిప్రాయం.

ఎనిమిదో బొనిఫేస్ 1300లో మొదటి జూబిలీ ప్రకటించాడు. ఆ ఏడాది రోమ్‌కు వచ్చి పీటర్, పాల్ బసిలికాలు దర్శించుకున్నవాళ్లకు పాపపరిహారం అన్నాడు. రోమ్ వాళ్లయితే ముప్పై రోజులు, బయటివాళ్లయితే పదిహేను రోజులు దర్శనం చేసుకోవాలి. పదిహేను రోజులంటే పదిహేను రాత్రుళ్లు కదా! వచ్చినవాళ్లంతా ఎక్కడో పడుకోవాలి, ఎక్కడో తినాలి. ఆ జనంతో బాగుపడిన బస యజమానులు ఆ పోప్ పేరు తలుచుకుని ఉండరా?

ఇంకోటి కూడా చదివాను. భోజనమయ్యాక ప్రార్థన చేసుకుని, పోప్ ఆరోగ్యం కోరుతూ ఇంకో గిన్నె వైన్ తాగినవాళ్లకు పుణ్యం వస్తుందని బొనిఫేస్ అనే పోప్ ఒకరు అనుగ్రహించారట. ఆ అదనపు గిన్నెకు ఇంగ్లీషులో "సెయింట్ బొనిఫేస్ కప్" అనే పేరుంది. మద్యం పోసేవాడికి, బొనిఫేస్ అనే మాటకు సంబంధం ఇక్కడ కుదురుతోంది. నా లెక్కన పోప్ నుంచే వచ్చి ఉండాలి.

తెరచాటు

గంటగోపురం గారూ, మీరు చెప్పిన జూబిలీ నిజం, ఆ గిన్నె కథ కూడా ఇంగ్లీషులో తిరిగిందే. కానీ బస యజమాని అనే అర్థం పోప్ నుంచి రాలేదు. అది ఒక నాటకం నుంచి వచ్చింది. నాకు గట్టిగా తెలుసు, ఎందుకంటే ఆ పాత్రను ఒకప్పుడు నేను చదివాను.

జార్జ్ ఫార్కర్ అనే ఐరిష్ నాటకకర్త 1707లో "ద బో స్ట్రాటజమ్" అనే హాస్యనాటకం రాశాడు. లండన్‌లో ఆ ఏడాది మార్చిలో ఆడారు. ఫార్కర్ అప్పటికే జబ్బుమనిషి, ముప్పై ఏళ్లవాడు. నాటకం ఆడిన కొన్ని వారాలకే చనిపోయాడు. ఆ నాటకం లిచ్‌ఫీల్డ్ అనే ఊళ్లో ఒక బసలో మొదలవుతుంది. ఆ బస యజమాని పేరు విల్ బొనిఫేస్. ఎమ్మేలో మా మేడమ్ క్లాసులో పాత్రలు పంచి పైకి చదివించారు, నాకు వచ్చింది ఈ బొనిఫేస్.

రాగానే అతను చెప్పుకునే మాట, తాను ముసలి విల్ బొనిఫేస్‌నని, ఈ దారిలో తనను ఎరగనివాడు లేడని. ప్రతి మాటకూ చివర "యాజ్ ద సేయింగ్ ఈజ్" అంటాడు, "అంటారు చూడండి, అలాగ" అన్నట్టు. అక్కడ ఏ సామెతా ఉండదు, అది అతని ఊతపదం. రెండు పేజీలు చదివేసరికి నా నోటికీ అదే అంటుకుంది. అతిథికి తన ఏల్ గురించి చెప్పే చోటు నాకు ఇప్పటికీ గుర్తే. ఏల్ అంటే వాళ్లు బార్లీతో చేసుకునే ఒక రకం బీరు. లిచ్‌ఫీల్డ్‌లో యాభై ఎనిమిదేళ్లుగా ఉన్నాను, యాభై ఎనిమిది ఔన్సుల మాంసం కూడా తిని ఉండను అంటాడు. మరి ఏం తిని బతికావయ్యా అంటే, ఏలే తింటాను, ఏలే తాగుతాను, ఎప్పుడూ ఏల్ మీదే పడుకుంటాను అంటాడు. ఆ ముక్క చదువుతుంటే మనిషి పొట్ట, ఎర్రటి బుగ్గలు, గుమ్మంలో నిలబడే తీరు అన్నీ కళ్లకు కడతాయి.

ఈ పాత్ర ఎంత ఆడిందంటే, ఆ తర్వాత ఇంగ్లీషువాళ్లు ఏ బస యజమానినైనా సరదాగా బొనిఫేస్ అనేశారు. మొదట పెద్దక్షరంతో, నాటకంలో మనిషిని గుర్తు చేస్తున్నట్టు. పోనుపోను చిన్నక్షరంతో, మామూలు నామవాచకంలా. మీ గుమాస్తా 1826లో రెండు రకాలుగానూ రాశాడంటే ఆశ్చర్యం లేదు. మాట అటు ఇటు ఊగుతున్న రోజులవి. "ద" రావడానికి కారణం కూడా ఇదే. అది పేరు కాదు, "ఆ చోటి యజమాని" అని.

ఇంకొక్క విషయం మీ అనువాదానికి పనికొస్తుంది. నాటకంలో బొనిఫేస్ అంత మంచివాడు కాదు. దారిదోపిడీగాళ్లతో లోపాయికారీగా కలిసి ఉంటాడు, దిగిన అతిథుల పెట్టె మీద కన్నేస్తాడు. కానీ పేరు మాటగా మారేటప్పుడు ఆ దొంగతనం రాలిపోయింది. గుమ్మంలో నవ్వుతూ ఎదురొచ్చే లావుపాటి యజమాని మాత్రమే మిగిలాడు. కాబట్టి "వర్దీ బొనిఫేస్" అన్నది ఎత్తిపొడుపు కాదు, ఆప్యాయంగా అన్న మాటే.

ఒకటి అడుగుతాను. ఆ ఉత్తరాల్లో కోచ్ తోలేవాడిని ఎక్కడైనా "జేహు" అన్నాడేమో చూడండి.

ఉత్తరాలకట్ట

తెరచాటు గారూ, మీ ఆఖరి వాక్యం చదవగానే లేచి వెళ్లి కాగితాలు తీశాను. ఉంది! గ్రాంథమ్ ఉత్తరంలోనే ఉంది: "అవర్ జేహు వాజ్ ఇన్ నో టెంపర్ ఫర్ టాక్." నేను "మన జేహు మాట్లాడే మూడ్‌లో లేడు" అని అనువదించి, తోలేవాడి పేరు జేహు అనుకుని దాటిపోయాను. ఇది ఎవరూ పట్టుకోలేదు, ప్రచురణకర్త కూడా. మీరు అడగకపోతే అచ్చయిపోయేది. ఎలా తెలిసింది మీకు?

తెరచాటు

ఆ కాలపు ఇంగ్లీషు ప్రయాణపు రాతల్లో ఈ రెండు మాటలూ జంటగా తిరుగుతాయి. దారిలో జేహు, దిగిన చోట బొనిఫేస్. ఒకటి కనపడితే రెండోది ఎక్కడో ఉంటుంది.

జేహు బైబిల్లోంచి వచ్చాడు. తెలుగు బైబిల్లో ఆయన్ని యెహూ అని రాస్తారు, అందుకే మీకు తట్టి ఉండదు. రాజుల రెండో గ్రంథం, 9వ అధ్యాయం, 20వ వచనం. కోట మీద కావలివాడు దూరంగా వస్తున్న రథాన్ని చూసి, ఆ తోలడం నిమ్షీ కొడుకు యెహూ తోలడంలా ఉంది, వెర్రిగా తోలుతున్నాడు అంటాడు. అక్కడి నుంచి ఇంగ్లీషులో కోచ్ తోలేవాడు, అందులోనూ దూకుడుగా తోలేవాడు, జేహు అయ్యాడు.

నాటకం పాత్ర పేరు మామూలు మాటగా మారడం ఇంగ్లీషులో ఇదొక్కటే కాదు. ఆడవాళ్ల వెంటపడేవాడిని "లొథారియో" అంటారు, అది 1703లో వచ్చిన నికొలస్ రో నాటకంలో పాత్ర. దొరసాని దగ్గర పనిచేసే పరిచారికను "అబిగెయిల్" అన్నారు, అది కూడా బైబిల్ పేరే అయినా ఆ అర్థం నాటకం మీదుగా వచ్చింది. మనమూ శకుని అంటాం, నారదుడు అంటాం, కుంభకర్ణుడు అంటాం. వాళ్లెవరో పక్కవాడికి విడమర్చి చెప్పం. మీ గుమాస్తా కూడా అక్కకు విడమర్చలేదు.

గంటగోపురం

ఒప్పుకుంటున్నాను తెరచాటు గారూ. నేను రెండు నిజాలు పక్కపక్కన పెట్టి, మధ్యలో లేని దారం కట్టాను. జూబిలీ 1300లో, మాట పద్దెనిమిదో శతాబ్దంలో. మధ్యలో నాలుగు వందల ఏళ్లు ఆ అర్థం ఎక్కడా కనపడకపోతే నా వాదన నిలవదు.

కానీ ఒక్క సందేహం. ఫార్కర్ ఆ పేరే ఎందుకు ఎంచుకున్నాడు? పోప్‌ను గుర్తుపెట్టుకునేనా?

పాతపలక

ఆయన మనసులో ఏముందో చెప్పలేం కానీ, పేరు చేసే పని మాత్రం కనపడుతోంది. లాటిన్ చదువుకున్న ప్రేక్షకుడికి అది "మంచి చేసేవాడు", దొంగలతో పొత్తున్న యజమానికి ఆ పేరు పెట్టడమే హాస్యం. లాటిన్ రానివాడికి బానీ ఫేస్, ఎర్ర బుగ్గల ముఖం. హాల్లో ఎవరు ఎక్కడ కూర్చున్నా ఏదో ఒకటి అందుతుంది.

ఇంగ్లండ్‌లో ఆ పేరు తెలియడానికి పోప్‌లే అక్కర్లేదు. విన్‌ఫ్రిత్ అనే ఇంగ్లీషు సన్యాసికి 719లో రెండో గ్రెగరీ పోప్ ఈ పేరు పెట్టాడు. జర్మన్ల మధ్య మతం బోధించి 754లో ఫ్రీసియాలో హత్యకు గురైన సెయింట్ బొనిఫేస్ ఆయనే. డెవన్‌లోని క్రెడిటన్ ఆయన పుట్టిన ఊరని చెప్పుకుంటారు. పదమూడో శతాబ్దంలో సవాయ్‌కి చెందిన బొనిఫేస్ కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా కూడా ఉన్నాడు. ఉత్తరాలకట్ట గారికి కావలసింది పోప్ కాబట్టి వీళ్లను ఇక్కడితో వదిలేస్తాను.

పోప్ విషయానికి వస్తే, మీ ఫుట్‌నోట్‌కు పనికొచ్చేవి. ఎనిమిదో బొనిఫేస్ పుట్టుపేరు బెనెడెట్టో కయెటాని, ఊరు అనాన్యి. ఐదో సెలెస్టీన్ తనంతట తానే పదవి దిగిపోయిన పదకొండు రోజులకు, 1294 డిసెంబరు 24న ఎన్నికయ్యాడు. మొదటి, రెండో బొనిఫేస్‌లది పుట్టుపేరే, పోప్‌లు పేరు మార్చుకోవడం 533లో రెండో జాన్‌తో మొదలైంది. అతని అసలు పేరు మెర్క్యూరియుస్, రోమన్ దేవుడి పేరు కావడంతో మార్చుకున్నాడు. ఎనిమిదో బొనిఫేస్ నాటికి పేరు మార్చుకోవడం మామూలైపోయింది. కాబట్టి ఆయనది కోరి తీసుకున్న పేరు.

కోరి తీసుకున్న ఆ పేరుకు, చివరి రోజులకు ఎంత దూరమో చూడండి. మనుషులంతా పోప్‌కు లోబడి ఉండాలని 1302 నవంబరులో "ఉనామ్ సాంక్తామ్" అనే శాసనం ఇచ్చాడు. ఫ్రాన్స్ రాజు నాలుగో ఫిలిప్ ఊరుకోలేదు. 1303 సెప్టెంబరు 7న రాజు మనిషి నోగారె, పోప్‌కు పగవాడైన షార్రా కొలొన్నా మనుషులను వెంటేసుకుని ఆయన సొంత ఊరు అనాన్యిలోనే పట్టుకున్నారు. ఊరివాళ్లు తిరగబడి విడిపించారు గానీ ఆ దెబ్బకు మనిషి కోలుకోలేదు. అక్టోబరు 11న రోమ్‌లో పోయాడు. ఇటలీ కవి దాంతే అయితే, ఈ పోప్ బతికుండగానే జరిగినట్టు రాసిన "ఇన్ఫెర్నో" కావ్యంలో ఆయనకు నరకంలో చోటు సిద్ధంగా ఉంచాడు. 19వ సర్గలో, డబ్బుకు పదవులు అమ్ముకున్నవాళ్లను తలకిందులుగా గోతుల్లో పాతిన చోట, మూడో నికొలస్ పోప్ ఎవరో వచ్చిన అలికిడి విని, "అప్పుడే వచ్చేశావా బొనిఫాజియో?" అని అడుగుతాడు. తల లోపల, కాళ్లు బయట. చూడలేడు కాబట్టి అడుగుతాడు. నాకు ఆ ఒక్క ప్రశ్న ఎన్నిసార్లు చదివినా ఒళ్లు గగుర్పొడుస్తుంది.

తొమ్మిదో బొనిఫేస్ 1404లో చనిపోయాక ఇప్పటిదాకా ఏ పోప్ కూడా ఆ పేరు తీసుకోలేదు. తొమ్మిది అంకె ఉన్నా నికరంగా లెక్కకు వచ్చేవాళ్లు ఎనిమిది మందే, ఏడోవాడిని తీసేసినా అంకెలు మార్చలేదు.

ఉచ్చారణ: ఇంగ్లీషులో మొదటి అక్షరం మీద ఊనిక, అక్కడి ఓ పొట్టిది. ఇంగ్లీషులో ఈ తేడా చూపించడానికి తంటాలు పడాలి, మనకు ఒ, ఓ రెండూ ఉన్నాయి. కాబట్టి "బొనిఫేస్". చివర "ఫేస్" అనేవాళ్లూ ఉన్నారు, నొక్కకుండా "ఫస్" అనేవాళ్లూ ఉన్నారు, రెండూ ఒప్పే. అంకెను రాసేటప్పుడు పేరు పక్కన ఉత్త రోమన్ అంకే వేస్తారు, చదివేటప్పుడు మాత్రం "బొనిఫేస్ ది ఎయిత్" అని "ది" చేర్చి చదువుతారు. తెలుగులో ఐదో జార్జి అన్నట్టే ఎనిమిదో బొనిఫేస్. "బొనిఫేస్ ఎనిమిది" అని మాత్రం రాయకండి, గది నంబరులా ఉంటుంది.

వాడుకమాట

ఆలస్యంగా వచ్చాను. అర్థాల సంగతి తేలిపోయింది కాబట్టి అనువాదం గురించి ఒక మాట. పైన ఉత్తరాలకట్ట గారు "బస యజమాని" అంటున్నారు, ఒకచోట "పూటకూళ్లాయన" అన్నారు. "సత్రం" అనే మాట వాడకపోవడం చాలా మంచిదైంది. సత్రం అంటే మనకు ధర్మసత్రమే గుర్తొస్తుంది, డబ్బు అడగనిది. ఇంగ్లీషు ఇన్ డబ్బు పుచ్చుకుని తిండి, పక్క, గుర్రానికి గడ్డి ఇచ్చే చోటు. పూటకూళ్లు అంటే డబ్బుకు భోజనం పెట్టడం. అందులో రాత్రి పక్క లేదు, మద్యం అసలే లేదు. అయినా "పూటకూళ్లాయన"లో ఒక మనిషి కనపడతాడు. "బస యజమాని"లో రసీదు పుస్తకం కనపడుతుంది.

బొనిఫేస్ అనే మాటలో ఉన్నది ఉద్యోగం పేరు కాదు, చనువు. అప్పటి ఇంగ్లీషులో కూడా యజమానిని ఎదురుగా "బొనిఫేస్ గారూ" అని పిలవరు, ల్యాండ్‌లార్డ్ అంటారు. వెనక చెప్పుకునేటప్పుడు, ఉత్తరంలో రాసేటప్పుడు సరదాగా అనే మాట ఇది. ఇరవయ్యో శతాబ్దంలో కూడా అమెరికా పత్రికలు హోటళ్లు, నైట్‌క్లబ్బులు నడిపేవాళ్లను బొనిఫేస్ అనేవి. ఇప్పుడు మాట్లాడేటప్పుడు ఎవరూ అనరు, డిక్షనరీలో ఉంది, పాత రాతల్లో ఉంది.

నా సలహా, ఆ చనువు నిలబెట్టండి, పేరు పోతే పోనివ్వండి.

ఉత్తరాలకట్ట

అందరికీ చేతులెత్తి నమస్కారం. రాత్రంతా కూర్చుని మూడు ఉత్తరాలూ మళ్లీ చేశాను.

పేరు పోనివ్వడానికి మాత్రం మనసొప్పలేదు, వాడుకమాట గారూ. ఆ మనిషి అక్కకు రాస్తూ ఆ మాట వాడాడంటే, ఆవిడకూ ఆ నాటకం తెలుసని, చదివి నవ్వుకుంటుందని వాడాడు. ఇద్దరూ చిన్నప్పుడు కలిసి చూశారో, ఇంట్లో పైకి చదువుకున్నారో. ఆ ఒక్క మాటలో అక్కాతమ్ముళ్ల మధ్య ఏదో ఉంది. పూర్తిగా తీసేస్తే ఆయన సొత్తు నేను పారేసినట్టే. అందుకని స్టామ్‌ఫర్డ్ ఉత్తరంలో ఒక్కసారి పేరు ఉంచి, కింద నోటు పెట్టాను. గ్రాంథమ్ నుంచి పూటకూళ్లాయనే. జేహు కూడా "మన యెహూ" అయ్యాడు. తెలుగు బైబిల్ చదివినవాళ్లకు రథం కనపడుతుంది, మిగతావాళ్లకు నోటు ఉంది.

పోప్ ఫుట్‌నోట్ రోమ్ ఉత్తరం కిందకు, అది ఉండాల్సిన చోటికి, వెళ్లిపోయింది. అందులో పూటకూళ్ల ఊసు లేదు. ఎనిమిదో బొనిఫేస్, అసలు పేరు బెనెడెట్టో కయెటాని, 1294 నుంచి 1303 వరకు పోప్, 1300లో మొదటి జూబిలీ ప్రకటించినవాడు, అంతే రాశాను. పేరుకు మొదటి అర్థం "మంచి రాత కలవాడు" అని కూడా ఒక్క ముక్క చేర్చాను, పాతపలక గారూ, మీ మాట వదలబుద్ధి కాలేదు.

స్టామ్‌ఫర్డ్ వాక్యం ఇప్పుడిలా ఉంది. ఏమైనా తేడాగా అనిపిస్తే చెప్పండి, ప్రూఫులు సోమవారం దాకా నా దగ్గరే ఉంటాయి.

"కోచ్ ఆగేసరికి మన బొనిఫేసు, పాపం మంచి పూటకూళ్లాయన, చేతిలో కొవ్వొత్తితో గుమ్మంలోనే నిలబడి ఉన్నాడక్కా."